ఒరిజినల్ సౌండ్

బెల్లంపల్లి కాంటా చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఆకుపచ్చ జీపొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. బానెట్ మీద తెల్ల చుక్క, వెనక జెర్రీ క్యాను, పక్కన బెల్టులతో బిగించిన పార, గొడ్డలి. దిగింది మా బావ. బొగ్గు బావిలో ముప్పై ఏళ్లు చేసి, జన్మలో మళ్లీ పార ముట్టనని రిటైరైన నాడే ఒట్టేసుకున్న మనిషి. ఇప్పుడు ఆ పారకే వార్నిష్ కొట్టించి ఊరేగిస్తున్నాడు.

"చూసినవా బామ్మర్దీ, రెండో ప్రపంచ యుద్ధం జీపు. బర్మాల కొట్లాడొచ్చింది. ఒరిజినల్."

స్టీరింగ్ దిక్కు చూశాను. కుడివైపుంది. ఆ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అన్నిటికీ స్టీరింగ్ ఎడమవైపే. ముందున్న జాలీకి చీలికలు లెక్కపెట్టాను. ఫోర్డ్ అచ్చుపోసిన యుద్ధపు జాలీకి తొమ్మిది, యుద్ధం ముగిశాక జనం కోసం చేసిన సీజే రకానికి ఏడు. బావ దానికి ఏడే. బానెట్ చూస్తే గూని ఎత్తినట్టుంది. హరికేన్ అనే ఎత్తైన ఇంజన్ పట్టక 1953లో అలా పైకి లేపారు. అంటే హిట్లర్ పోయిన ఎనిమిదేళ్లకు పుట్టిన రూపం. ఆ బానెట్ ఎత్తితే లోపల హరికేన్ కూడా లేదు, డీజిల్ ఇంజన్ ఉంది. యుద్ధంలో కొట్లాడిన జీపు పెట్రోలు తాగేది. అసలు మహీంద్రా వాళ్లు మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టిందే 1947లో. అప్పటికి బర్మాలో తుపాకులు తుప్పు పడుతున్నాయి.

ఇదంతా చెబితే బావ నా చాయ్ పైసలు కూడా తనే ఇచ్చి, జాలిగా భుజం తట్టాడు. "నీకు ప్యాషన్ లేదురా."

ఆ ప్యాషన్ ఎలా తయారైందో దగ్గరుండి చూసినవాణ్ణి. చాసిస్ నాగ్‌పూర్ తుక్కు దుకాణంలో దొరికింది. బాడీ హర్యానాలోని మండీ డబ్వాలీలో కొత్త రేకుతో కొట్టించి లారీ మీద దించారు. గేర్ బాక్స్ ఒకచోటిది, యాక్సిల్ ఒకచోటిది, సీట్లు మంచిర్యాలలో కుట్టించినవి. మొత్తం బండిలో పాతవి రెండే మిగిలాయి: ఆర్‌సి పుస్తకం, బావ. బిడ్డ కాలేజీకి స్కూటీ అడిగితే ఏడాది ఆలోచించిన మనిషి, పీఎఫ్ పైసలు వెల్డింగ్ మంటలో కరుగుతుంటే చల్లగా నిలబడి చూశాడు.

1940లో అమెరికా సైన్యం అడిగితే బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో తొలి జీపును తయారుచేసి అప్పజెప్పింది. కాగితం మీది గీత దగ్గర్నించి నడిచే బండి దాకా, 49 రోజులు. బావ జీపుకు నాలుగేళ్లు పట్టింది. డెంటింగ్ మేస్త్రీ ప్రతిసారీ సోమవారం రమ్మనేవాడు. ఏ సోమవారమో చెప్పేవాడు కాదు.

ఆదివారం ఆదివారం ఇలాంటి బావలు నలుగురు కలుస్తారు. ఫోర్డ్ వాళ్లు తమ బోల్టుల మీద ఎఫ్ అక్షరం కొట్టేవారట. అది నిజమే. అలాంటి బోల్టొకటి వీళ్లలో ఒకాయనకు దొరికింది. దాన్ని బండికి బిగించలేదు, దేవుని అర్రలో పెట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ పోయి దర్శనం చేసుకొచ్చారు.

ఇక చట్టం సంగతి. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరికీ పనికిరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. జీపు ప్రేమికుడు కొనగానే చేసే మొదటి పని ఆ రంగు వేయించడం. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేయొచ్చని 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది. ఇరవై వేల ఫీజు, నంబరులో వీఏ అక్షరాలు. రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు. ప్రదర్శనకు పోవచ్చు, ర్యాలీకి పోవచ్చు, రిపేరుకు పోవచ్చు, ఇంధనం పోయించుకోవడానికి పోవచ్చు. బెల్లంపల్లిలో ప్రదర్శనలూ ర్యాలీలూ ఎక్కడివి? మిగిలేది బంకుకు పోయి రావడం, మెకానిక్ దగ్గరికి పోయి రావడం. బావ ఇప్పటికీ చేస్తున్నది ఆ రెండే కాబట్టి, నాకు తెలిసి చట్టాన్ని అక్షరాలా పాటిస్తున్న మనిషి ఆయనొక్కడే. కాకపోతే అసలు రూపం అనే ముక్క దగ్గర దరఖాస్తు ఆగింది.

"మనమే కాపాడకపోతే వారసత్వం ఏమైతది?" అంటాడు. సింగరేణిలో వారసత్వం అంటే తండ్రి నౌకరీ కొడుక్కి రావడం. దానికోసం ధర్నాలు చేసి, కోర్టుల దాకా పోయిన ఊరిది. అదే మాట ఇప్పుడు రేకు డబ్బాకు వచ్చింది.

సరే, జీపే మన వారసత్వం అనుకుందాం. ఏ జీపు? నెన్నెలకూ భీమినికీ బస్సు లేని పూట మమ్మల్ని మోసిన కమాండర్ జీపా? లోపల పదిహేను మంది, వెనక వేలాడుతూ ఐదుగురు, టాపు మీద మేక, సగం శరీరం బయట పెట్టి నడిపే డ్రైవరు. మేకను కట్టే కొక్కేలు ఒరిజినల్‌వి ఎక్కడ దొరుకుతాయని అడిగిన జీపు ప్రేమికుణ్ణి నేనింకా చూడలేదు. పగటిపూట క్వార్టర్ల లైన్లోకి వచ్చే ఆఫీసు జీపా? అది ఎవరి గడప ముందు ఆగుతుందోనని లైనంతా ఆడవాళ్లు బయటికొచ్చి నిలబడేవారు. బావిలో ఏదో అయిందని అర్థం. ఇక రాత్రి జీపు వేరే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు జరిపిన కాల్పుల తర్వాత చాలా ఏళ్లు, ఈ జిల్లాలో చీకటి పడ్డాక జీపు చప్పుడు వినిపిస్తే బస్తీల్లో దీపాలు ఆరిపోయేవి. ఎవరి కొడుకు ఇంట్లో ఉన్నాడు, ఎవరి కొడుకు లేడు అని అడగడానికి వచ్చేది అది.

తెల్ల చుక్క వేసుకోవడానికి బర్మా దాకా పోవాల్సిన పనేముంది, బావా?

మొన్న రాత్రి ఎనిమిదింటికి జీపును మా అమ్మకు చూపిద్దామని ఇంటికి తీసుకొచ్చాడు. ఎనభై దాటింది అమ్మకు. మోకాళ్ల నొప్పులు, లేవాలంటే చెయ్యి అందించాలి. చప్పుడు ఇంకా వీధి మలుపులో ఉండగానే తనంతట తనే లేచింది. వరండా లైటు ఆర్పేసింది, తలుపు గొళ్లెం పెట్టింది, నన్ను లోపలి అర్రలోకి పొమ్మని చేత్తో సైగ చేసింది. నాకు యాభై ఎనిమిదేళ్లు.

బయట బావ హారన్ మీద హారన్ కొట్టాడు. తలుపు తీసి జరిగింది చెప్పాను. మొహం వెలిగిపోయింది ఆయనకు.

"చూసినవా మరి! అత్త సుత గుర్తువట్టింది. ఒరిజినల్ సౌండ్!"