పట్టించుకోని కట్టడాలు: రావిర్యాల నుంచి ఒక పరిశీలన

హైదరాబాదు పరిసరాల్లోని పురాతన కట్టడాలను పురావస్తు శాస్త్రజ్ఞులు కాలాన్ని బట్టి, కట్టించిన వంశాన్ని బట్టి విభజిస్తారు గాని, వాటిని చూడబోయే సామాన్య యాత్రికుడికి పనికివచ్చే విభజన వేరే ఉంది: పేరు చెప్పగానే జనం దారి చూపేవి ఒక తరగతి, పేరు చెప్పగానే జనం అడిగినవాణ్ణే ఎగాదిగా చూసేవి రెండో తరగతి. ఈ రెండో తరగతి అధ్యయనానికి నగరానికి దక్షిణాన, మహేశ్వరం మండలంలో ఉన్న రావిర్యాల అన్నివిధాలా అనువైన స్థావరం. ఇక్కడ 2016లో వండర్‌లా వినోద ఉద్యానవనం తెరుచుకున్నది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి, అనగా జనం ఓఆర్ఆర్ అని పిలిచేది, ఊరిని ఒరుసుకుంటూ పోతున్నది. 2008లో మొదలైన విమానాశ్రయం చేరువలోనే ఉన్నది. అటు ముచ్చింతలలో 2022లో 216 అడుగుల రామానుజాచార్య విగ్రహం కూడా వెలసింది. ఇన్ని ఘనకార్యాల నడుమ పదిహేడో శతాబ్దపు గుడి ఒకటి ఎవరి కంటా పడకపోతే అందులో గుడి తప్పేమీ లేదు.

ఆ గుడి మహేశ్వరంలోని శివగంగ రాజరాజేశ్వరాలయం. కోనేరు, అంటే మెట్లు కట్టిన దేవాలయపు నీటిగుంట, సాధారణంగా గుడి ముందో పక్కనో ఉంటుంది. ఇక్కడ గుడే కోనేటి నడుమ కూర్చుని, గట్టు చుట్టూ చిన్న చిన్న శివాలయాలను కాపలా పెట్టుకున్నది. దీనిని గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో చక్రం తిప్పిన అక్కన్న మాదన్న సోదరులు కట్టించారని ప్రతీతి. ఈ సోదరులకు మేనల్లుడని చెప్పే కంచర్ల గోపన్న భద్రాచలంలో ఖజానా సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, చెరసాల పాలై, రామదాసుగా తెలుగు ఇళ్లన్నింటా శాశ్వత నివాసం సంపాదించుకున్నాడు. గోల్కొండ ఎక్కిన ప్రతివాడూ ఆయన బందీఖానా దగ్గర ఆగి, నిట్టూర్చి, ఫొటో దిగి గాని కదలడు. మేనమామలకు అంతటి ముందుచూపు లేకపోయింది. వారు ఖైదు అనుభవించకుండానే గుడి కట్టేశారు. 1686లో గోల్కొండలో దారుణంగా హత్యకు గురయ్యారు గాని, అప్పటికే ఆలస్యమైపోయింది, పైగా ఇద్దరిలో ఒక్కరికీ కీర్తనలు రాసే అలవాటు ఉన్నట్టు కనబడదు. ఒక కట్టడం ప్రసిద్ధికి రాతిపని కంటే కట్టించినవాడు పడిన కష్టాలు, వాటిని తానే పాడుకోగల శక్తి ఎక్కువ తోడ్పడతాయని ఈ కుటుంబ చరిత్రను బట్టి ఊహించవచ్చు.

శంషాబాదు మండలం నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయానిది ఇందుకు పూర్తిగా తలకిందులైన అవస్థ. దాని ఎత్తయిన గోపురాన్ని, కోనేటిని, కోనేటి చుట్టూ ఉన్న మండపాలను తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది చూసేశారు, చూశామన్న సంగతి మాత్రం వారికి తెలియదు. ఎందుకంటే సినిమాల్లో ఈ గుడి కథ అవసరాన్ని బట్టి ఏ జిల్లాకైనా బదిలీ అవుతుంది. ఇక్కడ ఒక్క సన్నివేశమైనా తీస్తే చిత్రం ఆడుతుందనే సెంటిమెంటు పరిశ్రమలో ఉన్నందున, రాముడి కల్యాణం ఏడాదికొకసారి జరిగే చోట నాయికానాయకుల పెళ్లిళ్లు ఎన్ని జరిగాయో లెక్క తేలదు. శంషాబాదులో నిలబడి శాస్త్రోక్తంగా ఆలయం పూర్తి పేరు పలికితే ఆటో కదలదు. అలా పలికినవాడికి “షూటింగుల గుడా సార్?” అనే ప్రశ్న ఎదురవుతుంది, దానికి తలూపితే మరుక్షణం ఇంజను మోగుతుంది.

శంషాబాదు పేరులో షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు దాగి ఉన్నది. ఆ బిరుదు పైగా వంశానిది. పైగాలంటే నిజాముల తరువాత అంతటివారనిపించుకుని, సొంత సైన్యం పోషించిన ప్రభువులు. వీరి సమాధులు పాతబస్తీ వైపు, సంతోష్‌నగర్ పిసల్‌బండలో ఉన్నాయి. సున్నపు గచ్చులో తీర్చిన అక్కడి జాలీల, అంటే చిల్లుల అల్లిక తెరల, పనితనాన్ని, జాలీ జాలీకి మారే నగిషీని తీరికగా చూడవలసిందే. ఈ వంశంలోని వికార్-ఉల్-ఉమ్రా 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ మొదలుపెట్టి, కట్టడం పూర్తయ్యేసరికి అప్పుల్లో కూరుకుపోగా, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని తీసుకున్నాడు. 2010 నుంచి అది హోటలు. నేడు అక్కడ ఒక్క రాత్రి నిద్రపోవడానికి నెల జీతం ఇచ్చేందుకు వెనుకాడని జనం ఉన్నారు. కొద్ది కిలోమీటర్ల అవతల పిసల్‌బండలో పాలరాతి కింద దానిని కట్టించినవాడే శాశ్వతంగా నిద్రపోతుండగా, ఆయన్ను చూడవచ్చేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కార్వాన్‌లోని టోలీ మసీదును ప్రస్తావించకుండా ఈ పరిశీలన ముగించడం న్యాయం కాదు. 1671 నాటి ఈ మసీదును కట్టించిన మూసా ఖాన్ మహల్దార్, 1617లో మొదలై 1694 దాకా సాగిన మక్కా మసీదు పనులకు కొంతకాలం పర్యవేక్షకుడు. అక్కడ ఖర్చయ్యే ప్రతి రూపాయికి ఒక దమ్మిడీ, అంటే అన్నిటికంటే చిన్న రాగి నాణెం, ఆయనకు ముట్టేదనీ, ఆ దమ్మిడీలు కూడబెట్టి దీనిని లేపాడనీ కథ. అందుకే దీనికి దమ్డీ మసీదు అనే పేరు కూడా ఉన్నది. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అనే సామెత మూసా ఖాన్‌కు బొత్తిగా వర్తించదు. పనిలో కమీషను పుచ్చుకున్నవాడు ఆ సొమ్మంతా ఊరి నడుమ రాయీ సున్నంగా మార్చి, లెక్క పేరులోనే చూపించిన ఉదంతం ప్రజాపనుల చరిత్రలో అరుదు. ఇంజనీరింగు విద్యార్థులను ఏటా ఇక్కడికి విహారయాత్రకు తీసుకురావచ్చు. కాంట్రాక్టర్లను కూడా తీసుకురావచ్చుగాని, వారు పనితనాన్ని వదిలేసి దమ్మిడీ నేటి మారకపు విలువ ఎంతని అడుగుతారు.