కుస్తీ గోత్రం

పిట్స్‌బర్గ్ శివార్లలో మా పక్కింటాయన చెవులు చూసి, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు "పాపం, చిన్నప్పుడు ఏ మాస్టారో గట్టిగా మెలిపెట్టినట్టున్నాడు" అన్నారు. మెలిపెట్టింది మాస్టారు కాదు, కుస్తీ చాప. ఐదో ఏటి నుంచి దానికి రాసుకుని రాసుకుని, లోపల రక్తం గడ్డకట్టి, ఆ చెవులు రెండూ చల్లారిన ఉల్లిపకోడీల్లా బిగుసుకుపోయాయి. కాలీఫ్లవర్ చెవులంటారు కుస్తీవాళ్లు. ఆయనకవి గండపెండేరాలు. వాటి మీద వెంట్రుక పడితే వెంటనే మంగలి దగ్గరికి పరిగెత్తుతాడు.

పశ్చిమ పెన్సిల్వేనియాలో, అటు అయోవాలో ఈ రకం మనుషులు వీధికొకరు దొరుకుతారు. బళ్లో కుస్తీ పట్టి, కాలేజీలో ఇంకో రెండేళ్లు పట్టి, మోకాలు పోయి మానేసి, ముప్పయ్యేళ్లుగా ఇన్సూరెన్సు అమ్ముకుంటున్నా "నేను కుస్తీ పట్టేవాణ్ణి" అనరు. "నేను కుస్తీవాణ్ణి" అంటారు. ఆ మాటకి భూతకాలం లేదు. పద్దెనిమిదో ఏట బరువు తగ్గడానికి ప్లాస్టిక్ సూటు తొడుక్కుని మెట్లెక్కి దిగి, సీసాలోకి ఉమ్మి ఉమ్మి తూకానికి నిలబడ్డవాడు కాబట్టి, ఈనాటికీ థాంక్స్‌గివింగ్ భోజనానికి ముందు లోపలికెళ్లి తూకం చూసుకునే వస్తాడు.

ఓసారి పులిహోర ఆశ చూపించి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాను. అర్చన దగ్గర పూజారిగారు గోత్రం అడిగారు. ఏమిటది అన్నాడు. మూలపురుషుడైన ఋషి పేరు చెప్పుకోవాలన్నాను. ఆయన మొహం చేటంత అయింది. "మాకూ ఉంది! మా కోచ్, ఆయన కోచ్, ఆ పై కోచ్..." అని అక్కడే మొదలుపెట్టాడు. వెనక వరస పెరిగిపోతోంది. పూజారిగారు ఓర్పుగలవారు.

ఈ గోత్రం వెర్రికి పరీక్ష 2007 ఆగస్టులో వచ్చింది. లాస్ వేగస్‌లో యూఎఫ్‌సీ పోటీ, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే పోటీ. ఒకవైపు జాష్ కాస్చెక్. మా రాష్ట్రం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కుస్తీ పట్టి, 2001లో 42 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ కాలేజీ ఛాంపియన్ అయినవాడు. అటువైపు జార్జ్ సెయింట్ పియర్. కెనడాలో క్యుబెక్ పల్లెటూరివాడు, బళ్లో తోటిపిల్లల చేత తన్నులు తిని కరాటేలో చేరినవాడు, ఒకప్పుడు చెత్తబండి మీద పనిచేసినవాడు. కుస్తీ నేర్చుకున్నది పెద్దయ్యాకే. "కరాటే గంతులు వేస్తాడు, మనవాడు ఎత్తి పడేస్తాడు" అని పక్కింటాయన బేస్‌మెంట్‌లో నాకో బీరు, తనకో బీరు తెరిచాడు. మొదటి రౌండ్లోనే కరాటేవాడు ఛాంపియన్ తొడలు రెండూ పట్టి కింద పడేశాడు. కాస్చెక్ కూడా ఒకసారి పడేశాడు, అది నిజం. పక్కింటాయన ఇప్పటికీ ఆ ఒక్కటే చెబుతాడు. గెలిచింది మాత్రం సెయింట్ పియర్.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. కాలేజీ కుస్తీలో మొహం మీద ఎవరూ గుద్దరు. నడుం వంచి, తల దించి, చేతులు కిందకి వేలాడేసి హాయిగా తిరగొచ్చు. యూఎఫ్‌సీలో అలా తల దించితే మోకాలు వచ్చి పలకరిస్తుంది. అందుకని కుస్తీవాడు నిటారుగా నిలబడాలి, చేతులు మొహం దగ్గరికి తేవాలి. అంటే చిన్నప్పటి నుంచి కాపాడుకున్న తొడలని గాలికి వదిలేయాలి. సెయింట్ పియర్ ఎడమ చెయ్యి ముక్కు మీదికి చాచేవాడు. తగలక్కర్లేదు. అవతలివాడి చేతులు పైకి లేస్తే చాలు, కరాటేలో దూరం కొలిచి దూసుకొచ్చే ఆ కాళ్లతోనే కిందకి దూరిపోయేవాడు. పట్టు చాప మీదిదే, దారి వేరు.

ఈ మాటలన్నీ చెప్పాను. పక్కింటాయన రెండు రోజులు కనపడలేదు. మూడోరోజు కంచె మీదుగా పిలిచి, "వాడు మాంట్రియల్లో కెనడా ఒలింపిక్ కుస్తీవాళ్లతో సాధన చేశాడట. అంటే వాడూ కుస్తీవాడే!" అన్నాడు. దత్తత జరిగిపోయింది. డిసెంబరులో అదే దత్తపుత్రుడు ఇల్లినాయ్ కుస్తీవాడు మ్యాట్ హ్యూస్‌ని, మరుసటేడు పర్డ్యూ కుస్తీ జట్టు కెప్టెన్‌గా చేసిన జాన్ ఫిచ్‌ని చిత్తుచేస్తుంటే "చూశావా మన కుస్తీ!" అని నా భుజం మీద చరిచాడు. కొట్టినవాడూ మనవాడే, పడ్డవాడూ మనవాడే. ఓటమే లేని గోత్రం.

2013లో టొరంటో పోటీ చూసి పక్కింటాయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. జూనియర్ కాలేజీ కుస్తీ ఛాంపియన్ జాన్ జోన్స్‌ని యూఎఫ్‌సీలో అంతవరకూ ఎవరూ కింద పడేయలేదు. అలెగ్జాండర్ గుస్టాఫ్‌సన్ పడేశాడు. స్వీడన్‌వాడు, బాక్సర్. పోటీ జోన్సే గెలిచాడు గానీ పక్కింటాయనకి నిద్ర పట్టలేదు. వంశావళి తవ్వగా తవ్వగా దొరికింది: గుస్టాఫ్‌సన్‌ని 2010లో ఓడించినవాడు ఫిల్ డేవిస్, పెన్ స్టేట్ కుస్తీ ఛాంపియన్. ఓడాక అతనితో కలిసే సాధన మొదలెట్టాడు స్వీడన్‌వాడు. "పెన్ స్టేట్!" అన్నాడు పక్కింటాయన, తప్పిపోయిన మేనల్లుడు దొరికినట్టు.

కిందటి థాంక్స్‌గివింగ్‌కి ఆయన కొత్తల్లుడు వచ్చాడు. సన్నటి కుర్రాడు, అకౌంటెంటు. వారానికి రెండు సాయంత్రాలు ఏదో ఫైట్ జిమ్‌కి వెళతాడట. టర్కీ అరక్క పెరట్లోకి రమ్మన్నాడు మామగారు. వంగి, చేతులు వేలాడేసి, ఎండుటాకుల మీద ఆబోతులా తిరిగాడు. అల్లుడు భయం భయంగా అరచెయ్యి ఆయన ముక్కు దాకా తెచ్చాడు. పెద్దాయన చేతులు రెండూ పైకి లేచాయి. మరుక్షణం, గుడ్డల మూట దింపినట్టు మర్యాదగా, అల్లుడాయన్ని ఆకుల్లో పడుకోబెట్టాడు.

పక్కింటావిడ కెవ్వుమంది. అల్లుడు క్షమాపణలు చెప్పుకుంటున్నాడు. పెద్దాయన వినడం లేదు. వెల్లకిలా పడుకుని, పకోడీ చెవుల్లో ఆకులు గుచ్చుకుని, ఆకాశం వైపు చూస్తూ అడిగాడు:

"మీ అమ్మ తరఫువాళ్లు అయోవా వాళ్లు కాదు కదా?"