అపసవ్య ప్రదక్షిణం

నాతోపాటు నా మోకాళ్ళు కూడా రిటైరయ్యాయని ఇంట్లో చాలాకాలంగా చెబుతూనే ఉన్నాను. ఎవరూ నమ్మరు. ఇంగ్లండులో ఉన్న అమ్మాయి అసలే నమ్మదు. మేం వెళ్ళిన రెండో ఆదివారం పొద్దున్నే, "నాన్నా, ఇవాళ సర్క్యులర్ వాక్" అంది.

"అంటే?"

"బోర్టన్ ఆన్ ద వాటర్ అనే ఊళ్ళో కారు ఆపి, పల్లెటూళ్ళ మీదుగా, ఏటి లోయల వెంట ఓ పదహారు కిలోమీటర్లు నడిచి మళ్ళీ కారు దగ్గరికి వస్తాం మావయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"కారు దగ్గరికి రావడానికైతే కారు దిగడం దేనికి బాబూ?"

అతను నవ్వి, నాకో రెయిన్‌కోటు ఇచ్చాడు. అదే జవాబనుకున్నాను.

నడకంటే నాకు భయమని అనుకోకండి. విశాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో సింహాచలం గిరి ప్రదక్షిణ రెండుసార్లు చేశాను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలుపెడితే 32 కిలోమీటర్లు. దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, ప్రసాదాలు, జనం. మధ్యలో కొండ, కొండ మీద అప్పన్న. కాళ్ళు పీకితే ఆయన ఖాతాలో రాసుకుంటాడన్న ధీమా ఉంటుంది.

"ఇక్కడ మధ్యలో ఏముంది?" అనడిగాను.

"గొర్రెలు" అన్నాడు అల్లుడు.

మా ఆవిడ మాత్రం మ్యాపు తిప్పి తిప్పి చూసి, అసలు దోషం పట్టుకుంది. దారి ముందు ఉత్తరానికి, తర్వాత పడమరకి, చివరికి ఏటి వెంట తూర్పుకి వస్తుంది. అంటే లోపలున్నదేదైనా సరే, మన ఎడమ చేతివైపే ఉంటుంది. "ఇది అప్రదక్షిణం. పెళ్ళయిన ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఎప్పుడూ చెయ్యలేదు" అంది. గొర్రెలకి దోషం ఉండదని నచ్చజెప్పి బయల్దేరదీశాం.

ఏప్రిల్ నెలాఖరు. వాళ్ళకి వసంతం. మనకి వసంతమంటే మామిడి చిగురు, కోయిల కూత, పైన ఫ్యాను. వాళ్ళకి స్వెట్టరు మీద రెయిన్‌కోటు. బోర్టన్ మధ్యలోంచి విండ్‌రష్ నది పారుతోంది. దాని మీద మోకాలెత్తు రాతి వంతెనలున్నాయి కాబట్టి దాన్ని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతపు వెనిస్ అంటారు. నేను పుట్టింది కోనసీమలో. మా పంటకాలువ దీన్ని చూస్తే "ఎవరి పిల్లవే నువ్వు?" అని బుగ్గ గిల్లుతుంది. గోదావరి 1,465 కిలోమీటర్లు, దాని ముందు ఇదెంత! అయినా నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అది చూశాక గోదావరి తరఫున ఎక్కువ మాట్లాడలేదు.

ఊరు దాటగానే దారి ఒక రైతు పొలంలోకి దిగింది. నేను ఆగిపోయాను. మన దగ్గర గట్టు జానెడు జరిగితే మూడు తరాలు కోర్టుకి తిరుగుతాయి. అల్లుడు ఒక బాణం గుర్తు చూపించి, ఇది పసుపుపచ్చ బాణం కాబట్టి నడిచేవాళ్ళకి హక్కున్న దారి అన్నాడు. రైతు పొలం దున్నుకోవచ్చుగానీ, దారి చెడితే 14 రోజుల్లో మళ్ళీ చదును చేసి, అదెక్కడుందో కనిపించేలా ఉంచాలట. అది చట్టం. ఎదురుగా ట్రాక్టరు మీద వస్తున్న రైతుని చూసి నేను సంజాయిషీ మొదలుపెట్టేలోగా, ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అరవై ఏళ్ళ అనుభవం వృథా అయిపోయింది.

పొలానికీ పొలానికీ మధ్య ఒక తమాషా గేటు ఉంది. మనిషి పడతాడు, గొర్రె పట్టదు. తలుపు అటూ ఇటూ ఆడుతూ చట్రాన్ని తాకుతుంటుంది కాబట్టి దాన్ని కిస్సింగ్ గేట్ అంటారట. ముందు దాటినవాళ్ళు వెనకవాళ్ళ దగ్గర ముద్దు పుచ్చుకుని గానీ దారి వదలకూడదన్నది అక్కడి సరదా. అమ్మాయి ఇది చెప్పి, దూరంగా పూలు చూడ్డం మొదలెట్టింది. మా ఆవిడ ముందు దాటి, తలుపు బిగించి పట్టుకుని నిలబడింది. నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంది.

"ముందా పులిహోర డబ్బా ఇటివ్వండి" అంది. "మీ చేతిలో ఉంటే ఊరొచ్చేదాకా మిగలదు."

తర్వాతి ఊరి పేరు లోయర్ స్లాటర్. ఆపైన అప్పర్ స్లాటర్. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం విన్నాంగానీ, ఎగువ వధ, దిగువ వధ ఏమిటండీ! పాత ఇంగ్లీషులో ఆ మాటకి బురద నేల అని అర్థమట. నా బూట్లు అవునని సాక్ష్యం చెప్పాయి. ఊళ్ళేమో తేనెరంగు సున్నపురాతి ఇళ్ళు, గుమ్మాల ముందు ఐ అనే చిట్టి ఏరు, దాని మీద బాతులు, పాత మరకి ఇటుక పొగగొట్టం. వధకి కావలసిన సరంజామా ఎక్కడా లేదు.

అప్పర్ స్లాటర్‌లో కూచుని పులిహోర తింటుంటే అల్లుడు ఒక సంగతి చెప్పాడు. ఇంగ్లండులో ఏ పల్లెకి వెళ్ళినా యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన శిలువో, రాయో ఉంటుంది. ఈ ఊళ్ళో ఆ జాబితా లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు. రెండోదానికి వెళ్ళినవాళ్ళూ అంతే. 1944లో ఊరి మీద బాంబులు పడినా ఒక్క ప్రాణం పోలేదు. ఇలాంటి ఊళ్ళకి ఆర్థర్ మీ అనే రచయిత 1930లలో 'థాంక్‌ఫుల్ విలేజ్' అని పేరు పెట్టాడు. రెండు యుద్ధాల నుంచీ అందరూ తిరిగొచ్చిన ఊళ్ళు దేశం మొత్తం మీద బహు కొద్ది. వాటిలో ఒకదాని పేరు వధ!

బయల్దేరిన చోటికే రావడం దేనికని పొద్దుణ్ణించీ సణుగుతున్నవాణ్ణి, ఇంకో రెండు ముద్దలు పులిహోర పెట్టుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత నాంటన్ అనే ఊరు వచ్చిందనీ, అక్కడ పాతకాలపు పావురాల గూడు ఉందనీ అంటారు. నాకు కనబడింది వాన. విండ్‌రష్ లోయ వెంట వెనక్కి వస్తుంటే అడవి వెల్లుల్లి వాసన గుప్పుమంది. మా ఆవిడ పచ్చడికని కొంగు నింపబోతే అమ్మాయి ఆపింది. గొర్రెపిల్లలు మమ్మల్ని చూసి ఎగిరాయి. నేను ఎగరలేదు.

సాయంత్రానికి బోర్టన్ చేరాక అల్లుడు, "ఇంకొక్కటుంది మావయ్యగారూ" అన్నాడు. ఓల్డ్ న్యూ ఇన్, అంటే పాత కొత్త సత్రం, వెనక తోటలో బోర్టన్ ఊరినే తొమ్మిదో వంతుకి కుదించి రాతితో కట్టారు. 1937లో తెరిచారు. ఆ చిన్న ఊళ్ళోనూ ఆ తోట ఉంది కాబట్టి దాన్లో ఇంకా చిన్న ఊరు, దాన్లో మరీ చిన్నది. బుల్లి చర్చి పక్కగా, కాలితో దాటగలిగే విండ్‌రష్ వెంట నేను ఊరంతా పది నిమిషాల్లో తిరిగేశాను. ఈ కొలతలో పొలాలూ లోయలూ కూడా కట్టించి ఉంటే ఆ మహానుభావుడికి గుడి కట్టేవాణ్ణి.

కారెక్కాక మా ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. అప్రదక్షిణ దోషం పోవాలంటే అదే దారి కుడివైపు నుంచి మళ్ళీ తిరగాలట. అల్లుడు వచ్చే ఆదివారం ఖాళీయే అన్నాడు.