పక్కింట్లోంచి చూస్తన్నాను బాబూ

విశాఖలో మా లోకల్ కేబుల్ ఛానల్లో ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఓ లైవ్ షో వచ్చేది. కబుర్లు, పాటలు, వంట, వైద్యం, చర్చ అన్నీ ఒకే గంటలో, ఒకే బల్ల మీద. బల్ల మీద గుడ్డ పెళ్లి పందిళ్ల వాళ్లది. కెమెరా కూడా పెళ్లిళ్లదే. అందుకని శ్రావణంలో పాత ఎపిసోడ్లే తిప్పి తిప్పి వేసేవారు. ఆషాఢంలోనూ మూఢంలోనూ మాత్రం మాకు పండగే, అన్నీ కొత్తవే!

యాంకరు గారు మిగతా ఆరు రోజులూ కేబుల్ బిల్లులు వసూలు చేసేవారు. ఆయనకి టీఆర్పీలతో పనిలేదు. ఎవరు చూస్తున్నారో, ఎవరు రెండు నెలలు బాకీయో ఒకే పుస్తకంలో రాసుండేది.

వెనకాల ఆకుపచ్చ తెర, దాని మీద కంప్యూటర్లో అతికించిన కైలాసగిరి శివపార్వతులు. ఓ వారం ఆయన ఆకుపచ్చ చొక్కా వేసుకొచ్చారు. ఒళ్లు మాయమై, దేవుళ్ల మధ్య తలకాయ ఒక్కటే గంటసేపు మాట్లాడింది. మా అమ్మ లేచి దణ్ణం పెట్టుకుంది.

ఇక ఫోన్లు.

"మీ టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించండమ్మా. ఏ పాట కావాలి?"

"పాటొద్దు బాబూ, మా కేబుల్ రావట్నేదు."

"మరి ప్రోగ్రాం ఎలా చూస్తున్నారమ్మా?"

"పక్కింట్లోంచి చూస్తన్నాను. ఆలు బిల్లు కట్నేదు, ఆలకి వస్తంది!"

వెంటనే ప్రకటనలు.

పాత పోస్టాఫీసు దగ్గర్నుంచి ఒకాయన పోర్టు బొగ్గు ధూళి గురించి అడిగాడు. ఆరేసిన బట్టలే నల్లబడుతుంటే ఊపిరితిత్తుల సంగతేటండీ అని. ఆ వారం స్పాన్సరు తలనూనె వ్యాపారి, వైద్య సలహాదారూ ఆయనే. రాత్రిపూట బాగా పట్టించి పడుకోమన్నాడు.

2013 మార్చి 31 గడువుతో మా ఊరికి సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశారు. బొమ్మ తేటపడింది. అన్నాళ్లూ బల్లగుడ్డ మీద డిజైన్ అనుకున్నది సాంబారు మరకని తేలింది. మరుసటేడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వైర్లన్నీ నేలపాలు చేసింది. కైలాసగిరి మీది వాతావరణ రాడారే మూగబోయింది. యాంకరు గారు మాత్రం సైకిలేసుకుని, ఏ సెంటర్లో పాలు దొరుకుతున్నాయో వీధి వీధికీ చెప్పుకుంటూ తిరిగారు. ఆ నెల బిల్లూ అడిగారనుకోండి.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో వాటా మొత్తం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించాక, హైదరాబాద్ స్టూడియోల్లో ఆరు గళ్లలో ఆరుగురు అరుచుకునేవారు. మావాళ్లకి ఒకే కుర్చీ ఉండేది. అందులో సి షిఫ్టుకి వెళ్తూ దారిలో ఆగిన కార్మికుణ్ని యూనిఫాంతోనే కూర్చోబెట్టారు.

"మీ ఫ్యాక్టరీకి సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోతే ఏమవుతుందండీ?"

"ఏటవుద్దండీ. బియ్యం కొనుక్కొచ్చి హోటల్ నడిపేవోడికీ, సొంత పొలం ఉన్నోడికీ ఒకే రేటుకి భోజనం పెట్టమంటే ఎలగుంటాదో అలగుంటాది. పైగా మొదటోడికి యాపారం చేతకాదంటారు. నా డ్యూటీ టైమైపోతంది," అని లేచి వెళ్లిపోయాడు.

ఇంకా యాభై అయిదు నిమిషాలు మిగిలింది. ఇద్దరు చిన్నపిల్లలు డాన్సు మొదలెట్టారు. ఇంతలో ఫోను.

"ఇందాకటాయన చెప్పింది మళ్లీ ఓసారి వేస్తారా?"

"రికార్డు చెయ్యలేదండీ," అన్నారు యాంకరు గారు. "కార్డులో పెళ్లుంది."