పెన్షనుదారుకు ఆల్ప్స్‌లో ఒక వారం

కర్నూలు, కడపల్లో రిటైరైన పెద్దలకు కొత్త యోగం పట్టింది. ఎప్పుడో షాపింగ్ మాల్లో నింపి పడేసిన చీటీకి లక్కీ డ్రా తగులుతుంది. బహుమతి డిన్నర్ సెట్టు. తీసుకోవాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ హోటలుకు రావాలి. ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెప్తా’ అని తప్పించుకుంటారు కదా!

హాల్లో ఏసీ, చెవులు పగిలే పాటలు. టై కట్టిన కుర్రాడు తెర మీద స్విట్జర్లాండ్ మంచు కురిపిస్తుంటాడు. పక్క బల్ల దగ్గర ఎవరో సంతకం పెడతారు, అందరూ చప్పట్లు. టైమ్‌షేర్ పేరుతో రిసార్టు గది పాతికేళ్ల పాటు ఏటా ఒక వారం మీదే, ధర మాత్రం ఈ పూట వరకే.

‘నాయనా, మా ఆయనకు అరవై ఎనిమిది’ అంటుంది ఆమె.

‘మీ తర్వాత పిల్లలకు రాసియ్యొచ్చు ఆంటీ’ అంటాడు వాడు.

చావును కూడా స్కీములో కలిపేసుకున్న ఆ తెలివికి దండం పెట్టాల్సిందే. డల్లాస్‌లోని కొడుక్కు దక్కేది ఆల్ప్స్ కాదు, ఏటా పెరిగే మెయింటెనెన్స్ బిల్లు.

ఇక ఆ యూరప్ వారం సంగతి. మీరు కొన్న ఇక్కడి రిసార్టు వారాన్ని ఎక్స్ఛేంజ్ కంపెనీలో జమ చేసి, దానికి మళ్లీ రుసుము కట్టి, అక్కడ గది ఖాళీగా ఉంటే అందుకోవాలి. కర్నూలు-కడప (కేసీ) కెనాల్ చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు: వంతు ఉంటుంది, నీళ్లుండవు. దొరికినా అది గది మాత్రమే. విమానం, రైలు, తిండి మన జేబులోంచే. షెంగెన్ వీసాకు మనిషికి 90 యూరోలు, రాకపోతే అవి గోవిందా. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, డెబ్భై దాటితే దాని ప్రీమియం మోత వేరు. వేలిముద్రలకు వందల కిలోమీటర్ల అవతలి మహానగరానికి పోవాలి. మోకాళ్ల నొప్పులని బెలుం గుహల మెట్లు కూడా దిగని జంటకు ఇదీ విశ్రాంతి!

తమాషా ఏమిటంటే, యూరోపియన్ యూనియన్‌లో 2009 నాటి టైమ్‌షేర్ ఆదేశం ఒకటుంది. కొన్నవాడు 14 రోజుల్లో కారణం చెప్పకుండా వద్దనొచ్చు, ఆ గడువులో అమ్మినవాడు పైసా పుచ్చుకోకూడదు. మన దగ్గర ప్లేటులో బిర్యానీ అయ్యేలోపే కార్డు గీకేస్తారు. మనవాళ్లు అక్కడినుంచి మంచు ఫోటోలు తెచ్చుకున్నారు గానీ ఆ చట్టాన్ని తెచ్చుకోలేదు.

సంతకం పెట్టేసినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. వద్దంటూ వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలనీ లేదు.