కళ్ళు మూస్తేనే నోరు తెరిచే నాన్న

గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో ఒక రకం నాన్నగారుంటారు. 1842లో మిషనరీ హయ్యరు దొర గుంటూరొచ్చిన నాటి నుంచీ మాది విశ్వాసుల కుటుంబమని గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ చెబుతారు. దొరకు దారి చూపించింది తమ ముత్తాతేనన్నంత ధీమా. ఆదివారం తెల్లచొక్కా, చంకలో జిప్పు సంచీ బైబిలు, సంఘపెద్ద హోదా. సంఘాన్ని చూసుకునేవాడు ముందు తన ఇంటిని చక్కగా ఏలుకోవాలని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది కదా! అందుకని పిల్లల మార్కులు ఆయనకు చదువు సంగతి కాదు, పదవి సంగతి.

ఆ పిల్లలతో పగలంతా మాటల్లేవు. "తిన్నావా?" "ఫ్యాను కట్టెయ్." అంతే. రాత్రి చాప పరిచి కుటుంబ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నారా, ఇక కృష్ణకు వరదొచ్చినట్టే.

"ప్రభువా, మా పెద్దవాడికి లెక్కల్లో 38 వచ్చినవి. ప్రోగ్రెస్ కార్డు పరుపు కింద ఉన్న సంగతియు నీవెరుగుదువు తండ్రీ."

ప్రభువు సంగతి సరే, నాన్నకూ తెలుసని పెద్దవాడికి అప్పుడే తెలుస్తుంది. వంటింట్లో పప్పు మాడుతున్న వాసన. ఆమేన్ పడేదాకా అమ్మ లేవకూడదు.

ఎఫెసీయుల పత్రిక ఆరో అధ్యాయమంటే ఆయనకు ప్రాణం. తల్లిదండ్రుల మాట వినమనే మొదటి మూడు వచనాలూ పిల్లలకు కంఠతా వచ్చు. నాలుగోది, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పేది. అక్కడికి రాగానే ఎందుకో టైమైపోతుంది. ఇలాంటి ఇళ్ళను చూసే పౌలుగారు ఆ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి ఉంటారని నా అనుమానం. బెత్తం సంగతున్న సామెతలు 13:24 మాత్రం నిద్రలో లేపినా తప్పు పోరు.

చెయ్యి చేసుకున్న రోజు రాత్రి ప్రార్థన తీరే వేరు. గొంతు దిగుతుంది. "ప్రభువా, పొద్దున నేను కొంచెం... తొందరపడితిని. పిల్లవాడి చెవి నొప్పి తగ్గించుము." కొడుకు మొహం చూసి తప్పయిందనడం ఆయన వల్ల కాదు. ఆ మాట పరలోకం చుట్టి రావాల్సిందే. వాడు ఒక కన్ను తెరిచి చూస్తాడు. ఆయనదీ ఒక కన్ను తెరిచే ఉంటుంది. ఇద్దరూ గబుక్కున మూసేసుకుంటారు.

ఈ దారి పిల్లలూ కనిపెట్టేశారు. ఇంటర్ చదివే అమ్మాయి తన వంతు రాగానే అందుకుంది: "ప్రభువా, మా క్లాసు వాళ్ళందరూ నాగార్జునసాగర్ వెళ్తున్నారు. నాన్నగారి హృదయమును మెత్తబరచుము. 600 రూపాయలు, సోమవారమే ఆఖరు."

అందరూ ఆమేన్ అన్నారు. ఆయన అనలేదు. గొంతు సవరించుకుని, కళ్ళు తెరవకుండానే, "ప్రభువా, బస్సు రాత్రి ఎన్నింటికి తిరిగొచ్చునో ఈ బిడ్డ చెప్పలేదు" అన్నారు.