కుక్కను తిరగేస్తే

ఎవరూ పందెం కట్టని చోట గెలవాలని తహతహలాడినవాణ్ని నేను. వీక్లీ ఛాలెంజ్ అని ఒకటుంది. ఇంగ్లండులో ఉండే మహమ్మద్ సాజిద్ అన్వర్ 2019 మార్చి 25న పెర్ల్ వీక్లీ ఛాలెంజ్ పేరుతో మొదలుపెట్టాడు. సోమవారం రెండు లెక్కలిస్తారు. వాళ్ల ఆదివారం అర్ధరాత్రిలోగా, అంటే మనకు సోమవారం తెల్లవారుజాములోగా, ప్రోగ్రాం రాసి గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్‌గా పంపాలి. పెర్ల్, రాకు భాషల కోసం పుట్టినా, తర్వాత పైథాన్‌లోనో ఇంకో భాషలోనో చేసేవాళ్లకీ చోటిచ్చారు. 2024 డిసెంబరులో 300వ వారం కూడా వచ్చింది. లెక్కలిచ్చేవాళ్లూ చేసేవాళ్లూ సరదాకొద్దీ చేసేవాళ్లే. మంగళవారం పంపినా శనివారం పంపినా ఒకటే.

ఈ ఆఖరి సంగతి ఎందుకో నా బుర్రకెక్కలేదు. సోమవారం ఆఫీసు మీటింగులో మైకు మ్యూట్‌లో పెట్టి లెక్కలు చేసేవాణ్ని. పైగా నాకు ఒంటి లైను పిచ్చి. పెర్ల్‌లో ఆ సుఖం ఉంది. నలుగురికీ అర్థమయ్యేలా పది లైన్లు రాయాల్సిందాన్ని ఎవరికీ అర్థంకాని ఒక్క లైనులోకి కుక్కేయొచ్చు. మిగతావాళ్ల ప్రోగ్రాములు తెరిచేది నేర్చుకోవడానికి కాదు, లైన్లు లెక్కపెట్టడానికి. ఒకాయన ప్రతి లెక్కకీ వివరణ రాసి, పరీక్షలు రాసి, ఇలా ఇస్తే ఏమవుతుంది, అలా ఇస్తే ఏమవుతుంది అని తనను తానే ప్రశ్నించుకుంటూ పేజీలకు పేజీలు పంపేవాడు. పాపం, తీరికున్న మనిషి అనుకునేవాణ్ని. నాకు మాత్రం తీరిక లేనట్టు!

ఆ వారం వచ్చిన లెక్క అటునుంచీ ఇటునుంచీ ఒకేలా ఉండే మాటల గురించి. పాలిండ్రోమ్ లెక్కలు అక్కడ తిరగా మరగా వస్తూనే ఉంటాయి. మాటను తిప్పు, మొదటిదానితో పోల్చు, సమానమైతే అవును అను. ఒకటే లైను. ఇచ్చిన ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే, అన్నీ పాసయ్యాయి. పంపేశాను. ఆపైన ఊరుకోవచ్చు కదా? పండక్కి వచ్చిన మా బావకు చూపించాను.

బావది బెజవాడలో డీటీపీ షాపు. పెళ్లి శుభలేఖలూ, కరపత్రాలూ, సంస్మరణ సంచికలూ చేస్తాడు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాన్ని తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట ముక్కలుగా పెట్టుకొచ్చిన చేతులవి. ప్రోగ్రామింగ్ తెలియదు.

"వికటకవి పెట్టు," అన్నాడు.

పెట్టాను. కాదు అంది.

పొడుగెంతో చూద్దామని అడిగితే 21 అంది. కారణం వెంటనే తట్టింది. ఈ ఫైల్లో ఉన్నది యుటిఎఫ్-8 అని ముందుగా చెప్పకపోతే పెర్ల్ అక్షరాలను చూడదు, బైట్లను చూస్తుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు మూడేసి బైట్లు. "ఒక్క ముక్క రాయడం మర్చిపోయాను బావా," అని ఆ ముక్క చేర్చి మళ్లీ నడిపాను. 21 కాస్తా 7 అయింది. జవాబు మాత్రం అదే, కాదు.

అప్పుడైనా ఆగాలి. జలజ పెట్టాను, అవును అంది. నటన, అవును. సరస, అవును. ఆ మూడు మాటల్లో గుడులూ కొమ్ములూ లేవన్న సంగతి నాకు పట్టలేదు. పట్టలేదు సరే, ఎదురు దబాయించాను. "ప్రోగ్రాం బాగానే ఉంది బావా. కంప్యూటర్ లెక్కలో వికటకవి పాలిండ్రోమ్ కాదు, అంతే."

బావ నా వంక జాలిగా చూశాడు. "కాళికాదేవి ఇచ్చిన బిరుదు రా అది. నీ ఒక్క లైను కోసం వాపస్ తీసుకోమంటావా?"

తిప్పాక ఏం వచ్చిందో చూపించమన్నాడు. చూపించాను. చివరి వి తాలూకు గుడి అన్నింటికన్నా ముందుకొచ్చి, ఆనుకోవడానికి హల్లు దొరక్క చుక్కల సున్నా మీద కూర్చుంది. మొదటి వి తాలూకు గుడి పక్కనున్న కకారం నెత్తికెక్కి దాన్ని కి చేసింది. మనం వి అని ఒక్క అక్షరం అనుకునేది యూనికోడ్‌కు రెండు గుర్తులు, వకారమూ గుడీ. అందుకే అయిదక్షరాల మాట ఏడయింది. నేను తిప్పింది అక్షరాలను కాదు, గుర్తులను.

ఇదంతా నాకు తెలియని విషయమైతే ఇంత సిగ్గు పడేవాణ్ని కాదు. 2018 ఫిబ్రవరిలో జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం కలిసిన ఒక్క తెలుగు అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ రోజుల్లో దొరికిన ప్రతివాణ్నీ కూర్చోబెట్టి, మన లిపిని పరీక్షించే ఓపిక కూడా లేదా ఈ పెద్ద కంపెనీలకి అని ఉపన్యాసాలిచ్చాను. బావకు కూడా ఇచ్చాను. ఆయన మర్చిపోయే రకం కాదు.

సరే, మందు నాకు తెలుసు. పెర్ల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ అని ఒకటుంది. హల్లునూ దాని గుణింతపు గుర్తునూ విడదీయకుండా ఒకే ముక్కగా పట్టుకుంటుంది. రాకులోనైతే అదీ అక్కర్లేదు, ఆ భాష మాటల పొడుగును పుట్టుకతోనే అలాంటి ముక్కల్లో కొలుస్తుంది. (రాకులో చేసేవాళ్లను చూసి పెదవి విరిచిన రోజులూ ఉన్నాయి నాకు.) మార్చాను. 5 వచ్చింది. వికటకవి, అవును. మందారదామం, అవును. లేచి నిలబడి, "ఇంకేదైనా పెట్టు బావా, ఏదైనా సరే," అన్నాను.

"కుక్క," అన్నాడు.

"అది పాలిండ్రోమ్ కాదు కదా?"

"కాదులే. తిప్పితే ఏమొస్తుందో చూద్దాం."

తిప్పాను. తెర మీద "కక్కు" అని వచ్చింది.

మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వాడు. రావలసింది క్కకు. నా ప్రోగ్రాం కుక్కను కు, క్, క అని మూడు ముక్కలు చేసి వెనకనుంచి పేర్చింది. పొల్లు దగ్గర ముక్క తెగిపోవడం పాత నియమం. దేవనాగరి, తెలుగు వంటి కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తు ఉన్న అక్షరాన్ని తెగనివ్వకుండా కలిపి ఉంచే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. నా పెర్ల్ అంతకు ముందుది. ఇదంతా బావకు వివరించబోయాను. "శుభలేఖ అచ్చయ్యాక పెళ్లికొడుకు తండ్రికి ఇలాగే చెప్పి చూడు," అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని, పొల్లుతో ముగిసిన ముక్కను తర్వాతి ముక్కకు అతికించే నాలుగు లైన్లు రాశాను. ఒంటి లైను పోయింది. ఆ తర్వాత, నా గొప్ప కాస్త దిగాక, పేజీలకు పేజీలు పంపే ఆయన ఈ లెక్కను ఎలా చేశాడో తెరిచి చూశాను. బ్యాక్‌స్లాష్ ఎక్స్ అక్కడ ముందే ఉంది. పరీక్షల్లో మలయాళం మాట కూడా ఉంది. ఆయన పేరునుబట్టి చూస్తే మలయాళంతో చుట్టరికమేమీ ఉన్నట్టు లేదు. తెలుగువాణ్నైన నేను జలజ, నటన దగ్గర ఆగిపోయాను, అదీ బావ అడిగాక.

వారం ముగియలేదు కాబట్టి సరిచేసింది పంపగలిగాను. పాత వారాలవి మాత్రం రిపాజిటరీలో నా పేరుతో అందరికీ కనబడేలా పడి ఉన్నాయి. ఒక్కోటీ తీసి తెలుగు మాటలు పెట్టి చూస్తున్నాను. నిలువు వరుసల్లో పేర్లు సర్దే ప్రోగ్రాం ఒకటుంది, తెలుగు పేరొస్తే పట్టిక గీతలు పక్కకు జరుగుతున్నాయి. మాటలోని అక్షరాలను కలగాపులగం చేసే ఇంకోటి ఒత్తులనూ గుణింతాలనూ ఎక్కడ పడితే అక్కడ అంటిస్తోంది. దాన్ని బావకు చూపించలేదు.

చూపించకపోయినా ఆయనకు పోయిందేమీ లేదు. సోమవారం ఫోన్ చేస్తే చాలు, క్షేమసమాచారాల కన్నా ముందు అదే ప్రశ్న.

"ఏం బామ్మర్దీ, ఈ వారం కక్కావా?"

"ఆదివారం దాకా టైముంది బావా," అంటున్నాను.